పింటరెస్ట్‌లో ఫొటోలు, వెబ్‌సైట్‌కు సందర్శకులు

వెబ్‌సైట్‌లోని ఫొటోను పింటరెస్ట్‌లో ఉంచి, దాన్ని చూసి నచ్చినవారిని ఆ వెబ్‌సైట్‌కు రప్పించుకునే పద్ధతి 2010 తర్వాత వ్యాప్తిలోకి వచ్చింది. పింటరెస్ట్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా నడుస్తున్న దృశ్య అన్వేషణ వేదిక. ఇందులో పెట్టే ఫొటోను లేదా వీడియోను ‘పిన్’ అంటారు. పిన్‌కు ఒక లింకు జోడించవచ్చు. దాన్ని నొక్కితే ఆ ఫొటోకు సంబంధించిన వెబ్ పేజీ తెరుచుకుంటుంది. వంటలు, కుట్లు, అల్లికలు, దుస్తులు, ఇంటి అలంకరణ, పెళ్లి ఏర్పాట్లు, తోటపని, ప్రయాణాల గురించి రాసేవారికి, చిన్న వ్యాపారులకు, చేతివృత్తులవారికి ఇది డబ్బు ఖర్చు లేకుండా దొరికే ప్రచార మార్గం. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది ఏదో ఒకటి వండాలని, కుట్టించుకోవాలని, కొనాలని వెతుకుతూ వస్తారు. ఫొటో వారి కంటికి నచ్చాలి, పేజీ వారి పని జరిపించాలి. ఈ రెండూ కుదిరినప్పుడే ఈ పద్ధతి ఫలిస్తుంది.

పూర్వరంగం

వెబ్‌లో బొమ్మల కోసం వెతకడం అప్పటికే జనానికి అలవాటైంది. గూగుల్ 2001 జూలైలో బొమ్మల శోధనను ప్రారంభించింది. 2004లో కెనడాలో మొదలైన ఫ్లికర్ ఫొటోలు పంచుకునేవారికి పెద్ద వేదికగా ఎదిగింది. నచ్చిన పేజీల చిరునామాలను దాచుకుని ఇతరులకు చూపించే వీలును 2003లో వచ్చిన డెలీషియస్ కల్పించింది. అయితే ఫ్లికర్‌లో ఫొటోయే గమ్యం. చూసినవారు అక్కడే ఆగిపోయేవారు. డెలీషియస్‌లో లింకులు ఉండేవి కానీ అవి ఉత్త అక్షరాల జాబితా. ఫొటోనే గుర్తుగా పెట్టుకుని పేజీని దాచుకునే పద్ధతిని పెద్ద ఎత్తున ప్రజల్లోకి తీసుకెళ్లింది పింటరెస్ట్.

చరిత్ర

బెన్ సిల్బర్‌మన్, పాల్ సియారా, ఇవాన్ షార్ప్ పింటరెస్ట్ వ్యవస్థాపకులు. సిల్బర్‌మన్ గూగుల్‌లో పనిచేసి బయటికి వచ్చారు. సియారాతో కలిసి 2009లో ‘టోట్’ అనే ఐఫోన్ యాప్ తయారుచేశారు. దుకాణాల కేటలాగులను ఫోన్‌లో చూపించడం దాని పని. జనం దాని ద్వారా వస్తువులు కొనకుండా, నచ్చినవాటిని తర్వాత చూసుకునేందుకు దాచుకుంటున్నారని వారు గమనించారు. ఆ అలవాటునే పునాదిగా చేసుకుని 2009 డిసెంబరులో కొత్త సైటు పని మొదలుపెట్టి, 2010 మార్చిలో కొద్దిమందికి తెరిచారు. ఆర్కిటెక్చర్ చదివిన ఇవాన్ షార్ప్ దాని రూపకల్పన చూశారు. పక్కపక్కనే నిలువు వరుసల్లో, ఎత్తు ఎక్కువ తక్కువలతో ఫొటోలు పేర్చే అమరిక పింటరెస్ట్‌కు గుర్తుగా మారింది.

మొదట్లో ఎదుగుదల నెమ్మదిగా సాగింది. తొమ్మిది నెలలకు దాదాపు పదివేల మంది సభ్యులు చేరారు. సిల్బర్‌మన్ తొలి సభ్యుల్లో వేలమందికి స్వయంగా ఉత్తరాలు రాశారు. సాంకేతిక నిపుణుల కంటే ముందు ఇంటి అలంకరణ, చేతిపనుల గురించి రాసే బ్లాగర్లు ఈ సైటును ఆదరించారు. ఆ తొలి సభ్యుల ఆసక్తులే నేటికీ ఈ వేదికకు ఇరుసుగా ఉన్నాయి.

2011 ఆగస్టులో టైమ్ పత్రిక ఆ ఏటి 50 మేటి వెబ్‌సైట్లలో పింటరెస్ట్‌ను చేర్చింది. 2012 జనవరి నాటికి ఒక్క అమెరికాలోనే నెలకు 1.17 కోట్లమంది ఈ సైటుకు వస్తున్నట్లు కామ్‌స్కోర్ సంస్థ లెక్కగట్టింది. గూగుల్ ప్లస్, యూట్యూబ్, లింక్డిన్ మూడూ కలిపి పంపే సందర్శకుల కంటే ఒక్క పింటరెస్ట్ పంపేవారే ఎక్కువని షేరహోలిక్ సంస్థ ఆ నెల గణాంకాలతో ప్రకటించింది. వెబ్‌సైట్ యజమానుల చూపు ఇటు మళ్లింది అప్పుడే. 2012 ఆగస్టులో ఆహ్వానం అవసరం లేకుండా ఎవరైనా చేరే వీలు వచ్చింది. ఆ నవంబరులో వ్యాపార ఖాతాలు, 2013లో గణాంకాల విభాగం, పేజీలోని వివరాలను పిన్ కింద చూపే రిచ్ పిన్‌లు వచ్చాయి. 2019 ఏప్రిల్ 18న కంపెనీ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదయ్యాయి. 2022 జూన్‌లో సిల్బర్‌మన్ స్థానంలో బిల్ రెడీ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. నెలకు ఒక్కసారైనా ఈ వేదికను వాడేవారి సంఖ్య 2020లో 40 కోట్లు, 2024లో 50 కోట్లు దాటింది.

పిన్, బోర్డు

సభ్యులు తమకు నచ్చిన పిన్‌లను విషయాలవారీగా ‘బోర్డు’ల్లో దాచుకుంటారు. పండుగ పిండివంటలకు ఒకటి, జాకెట్టు డిజైన్లకు ఒకటి, వంటింటి అలమరాలకు ఒకటి, ఇలా ఎన్నో పెట్టుకోవచ్చు. ఎవరికీ కనపడని రహస్య బోర్డులు కూడా ఉంటాయి.

ఒకరి పిన్‌ను మరొకరు తమ బోర్డులో దాచుకుంటే దాని వెనుక ఉన్న లింకు కూడా వెంట వెళ్తుంది. పదిమంది దాచుకుంటే ఆ పేజీకి పది కొత్త దారులు పడినట్టే. వారి బోర్డులు చూసే కొత్తవారికి అదే ఫొటో, అదే లింకు చేరుతుంది. మొదట పెట్టినవారికి అనుచరులు కొద్దిమందే ఉన్నా ఫొటో దూరం వెళ్లడానికి కారణం ఇదే. కబుర్లు ప్రధానమైన వేదికల్లో పోస్టు కొన్ని గంటల్లో అడుగుకు పోతుంది. పింటరెస్ట్‌లో నెలల కిందటి పిన్ కూడా ఎవరో వెతికినప్పుడు మళ్లీ పైకి తేలుతుంది. ఏటేటా వచ్చే పండుగల ఫొటోలకు ఈ గుణం బాగా కలిసొస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌తో పోల్చితే తేడా తెలుస్తుంది. అక్కడ మామూలు పోస్టు కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు. చూసినవారు ప్రొఫైల్‌కు వెళ్లి, అక్కడి లింకు పట్టుకోవాలి. పింటరెస్ట్‌లో ఏ ఫొటోకు ఆ లింకు ఉంటుంది.

ఫొటో ఎవరికి చేరుతుంది?

పిన్‌లు రెండు దారుల్లో జనం ముందుకు వస్తాయి. ఒకటి, వెతికినప్పుడు. రెండు, సభ్యుల అభిరుచిని బట్టి హోమ్ ఫీడ్‌లో వేదికే చూపించినప్పుడు. శీర్షిక, వివరణ, బోర్డు పేరు, లింకు ఉన్న పేజీలోని సమాచారం, ఫొటోలో ఉన్న వస్తువులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఫొటోలో ఒక భాగాన్ని ఎంచుకుని దాన్ని పోలినవాటిని వెతికే సౌకర్యం 2015లో, ఎదుటి వస్తువును ఫోన్ కెమెరాతో చూపించి వెతికే ‘లెన్స్’ 2017లో వచ్చాయి. అందువల్ల ఫొటోలో వస్తువు స్పష్టంగా, విడిగా కనిపించడం అందం కోసమే కాదు, యంత్రం గుర్తుపట్టడానికీ అవసరం.

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి పింటరెస్ట్ ఇంజనీర్లు 2018లో ‘పిన్‌సేజ్’ అనే సిఫారసు పద్ధతిని ప్రకటించారు. పిన్‌లు, బోర్డులు కలిపి 300 కోట్ల బిందువులు, వాటి మధ్య 1,800 కోట్ల బంధాలు ఉన్న వలపై అది పనిచేసింది. ఒక ఫొటో ఏయే బోర్డుల్లో ఉంది, అక్కడ దాని పక్కన ఏయే ఫొటోలు ఉన్నాయన్నదాన్ని బట్టి అది దేనికి సంబంధించినదో ఆ పద్ధతి అంచనా వేస్తుంది. వెబ్‌సైట్ యజమానులు దీన్నుంచి ఒక విషయం గ్రహించాలి. కొత్త పిన్‌ను మొదట దానికి అచ్చంగా సరిపోయే బోర్డులోనే పెట్టాలి. అరిసెల ఫొటోను ‘సంక్రాంతి పిండివంటలు’ బోర్డులో పెడితే దాని జాతి యంత్రానికి తెలుస్తుంది. ‘నాకు నచ్చినవి’ అనే కలగూరగంప బోర్డులో పడేస్తే తెలియదు.

వెబ్‌సైట్‌ను జతచేయడం

మొదటి పని ఉచితంగా దొరికే వ్యాపార ఖాతా తెరవడం. రెండోది, వెబ్‌సైట్ తమదేనని నిరూపించుకోవడం. సైటు మొదటి పేజీ కోడ్‌లో పింటరెస్ట్ ఇచ్చే ట్యాగును చేర్చడం, ఒక చిన్న ఫైలును సైటులోకి ఎక్కించడం, డొమైన్ రికార్డుల్లో ఒక పంక్తి చేర్చడం అనే మూడు మార్గాల్లో ఏదో ఒకటి చాలు. ఆ తర్వాత తమ సైటు నుంచి ఇతరులు దాచుకున్న పిన్‌ల లెక్కలు కూడా యజమానికి కనిపిస్తాయి.

మూడోది రిచ్ పిన్. పేజీలో ఓపెన్ గ్రాఫ్ లేదా స్కీమా పద్ధతిలో సమాచారం రాసి ఉంటే పింటరెస్ట్ దాన్ని చదువుకుని పిన్ కింద చూపిస్తుంది. వంటకమైతే కావలసిన పదార్థాలు, వస్తువైతే ధర, సరుకు ఉందో లేదో, వ్యాసమైతే శీర్షిక, రచయిత పేరు కనిపిస్తాయి. పేజీలో ధర మార్చితే పిన్‌లోనూ మారుతుంది. నాలుగోది, సైటులోని ఫొటోల మీద ‘సేవ్’ బటన్ పెట్టడం. చదవడానికి వచ్చినవారు అక్కడికక్కడే ఫొటోను తమ బోర్డులోకి తీసుకెళ్తారు. ఇలా సందర్శకులే ప్రచారకులవుతారు.

పనికొచ్చే ఫొటో

పింటరెస్ట్ సూచించే కొలత వెడల్పు 2 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు, అంటే 1000 పిక్సెళ్ల వెడల్పు, 1500 పిక్సెళ్ల ఎత్తు. ఫోన్ తెరపై నిలువు ఫొటోకు ఎక్కువ చోటు దొరుకుతుంది. మరీ పొడవైతే కింది భాగం తెగిపోతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, చిందరవందర లేని నేపథ్యంలో తీసిన ఫొటో ఖరీదైన కెమెరా లేకపోయినా నిలబడుతుంది. ఫొటో మీద రాసే అక్షరాలు కొద్దిగా, పెద్దగా ఉండాలి.

అయితే ఏ ఫొటో తీయాలన్నది కొలతల కంటే పెద్ద ప్రశ్న. అరిసెలనే తీసుకుందాం. పళ్లెంలో పేర్చిన అరిసెల ఫొటో నోరూరిస్తుంది, కానీ అలాంటివి ఎన్నో ఉంటాయి. అరిసెలు చేసేవారికి అసలు భయం పాకం దగ్గర. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. చిన్న గిన్నెడు నీళ్లలో బెల్లం పాకం చుక్క వేసి, అది వేళ్ల మధ్య మెత్తటి ఉండగా చేరిన క్షణాన్ని దగ్గరగా ఫొటో తీసి, ‘అరిసెల పాకం సరిగ్గా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?’ అని శీర్షిక పెడితే దాన్ని దాచుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. బియ్యం ఎన్ని గంటలు నానాలి, పిండి ఎంత తడిగా ఉండాలి, పాకంలో ఎంత పిండి పడుతుంది అనేవి తెలుసుకోవడానికి పేజీ తెరవాల్సిన అవసరమూ ఉంటుంది. ఫొటో ఒక సందేహం తీర్చి, మిగిలిన పనికి పేజీ దాకా తీసుకెళ్లింది.

చేనేతకూ ఇదే వర్తిస్తుంది. పోచంపల్లి ఇక్కత్ చీర అమ్మే సైటు ఒకే చీరకు మూడు పిన్‌లు పెట్టుకోవచ్చు. చీర నిండుగా కనిపించేది ఒకటి, కొంగు ఒకటి, నూలు ముందే ముడులు కట్టి రంగు వేయడం వల్ల అంచుల దగ్గర రంగులు ఒకదానిలోకి ఒకటి ఒదిగే తీరును దగ్గరగా చూపేది ఒకటి. ఆ మూడో ఫొటో అచ్చు గుడ్డకూ, అసలు నేతకూ తేడా చూపిస్తుంది. మూడింటి లింకూ సైటు మొదటి పేజీకి కాకుండా ఆ చీర ఉన్న పేజీకే వెళ్లాలి. చీర అమ్ముడుపోయాక ఆ పేజీని తీసేయకూడదు. పిన్ తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, అమ్ముడుపోయిందని రాసి, అదే తరహా చీరలను కింద చూపించాలి. ఉత్త ‘పేజీ లేదు’ అన్న మాట కనిపిస్తే వచ్చినవారు మళ్లీ రారు.

శీర్షిక, వివరణ, వేళ

శీర్షికకు 100 అక్షరాల వరకు వీలుంది. ఫీడ్‌లో మొదటి కొన్ని మాటలే కనపడతాయి కాబట్టి వస్తువు పేరు ముందు రావాలి. వివరణ మామూలు వాక్యాల్లో ఉండాలి. వెతికే మాటలను కుప్పపోస్తే చదివేవారికి విసుగు తప్ప లాభం లేదు. తెలుగువారిలో చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు. అందుకని శీర్షికను తెలుగు లిపిలో రాసి, వివరణలో అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఒకసారి రాయడం మంచిది. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకూ ఆ పేజీ అప్పుడే దొరుకుతుంది. చూపులేనివారి కోసం తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు ఉపయోగపడే ప్రత్యామ్నాయ వివరణ గడిని ఖాళీగా వదలకూడదు.

పింటరెస్ట్‌లో జనం ముందుగా ఏర్పాట్లు చేసుకుంటారు. సంక్రాంతి ముగ్గులు, బొమ్మల కొలువు ఫొటోలు పండుగనాడు పెడితే అప్పటికే ఆలస్యం. ఒకటి రెండు నెలల ముందు పెట్టినవి వెతుకులాట పెరిగే వేళకు చోటు సంపాదించుకుంటాయి. ఏ మాటను ఏ నెలలో ఎక్కువగా వెతుకుతున్నారో చూపే ‘ట్రెండ్స్’ సాధనం కూడా ఉంది. ఒకేరోజు యాభై పెట్టి నెలంతా ఊరుకోవడం కంటే వారానికి కొన్ని చొప్పున పెట్టడం మేలు.

ఫలితాన్ని కొలవడం

పింటరెస్ట్ గణాంకాల్లో నాలుగు అంకెలు ముఖ్యం. ఎన్నిసార్లు తెరపై కనిపించింది, ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది పిన్‌ను పెద్దదిగా తెరిచారు, ఎంతమంది లింకు నొక్కి బయటి పేజీకి వెళ్లారు. వెబ్‌సైట్‌కు లెక్కలోకి వచ్చేది చివరిదే. లక్షసార్లు కనిపించి ఎవరూ లింకు నొక్కని పిన్ కంటే వెయ్యిసార్లు కనిపించి ముప్పై మందిని పంపిన పిన్ విలువైనది. వచ్చినవారు పేజీలో ఎంతసేపు ఉన్నారు, కొన్నారా, మళ్లీ వచ్చారా అన్నవి సొంత సైటు గణాంకాల్లో చూసుకోవాలి. పింటరెస్ట్ లింకులను గూగుల్ శోధనలో ర్యాంకు కోసం నేరుగా లెక్కించకుండా ‘నోఫాలో’ గుర్తు ఉంటుంది. వాటివల్ల దక్కేది మనుషుల రాక, శోధన ర్యాంకు కాదు.

హక్కులు

2012లో పింటరెస్ట్ మీద వచ్చిన మొదటి పెద్ద వివాదం కాపీరైటుదే. ఇతరుల ఫొటోలను అడగకుండా దాచుకోవడమే దీని పద్ధతి కదా అని ఫొటోగ్రాఫర్లు నిలదీశారు. తమ సైటులోని ఫొటోలను పిన్ చేయకుండా ఆపే ‘నోపిన్’ ట్యాగును ఆ ఫిబ్రవరిలో పింటరెస్ట్ తెచ్చింది. ఫ్లికర్ వెంటనే దాన్ని అమలు చేసింది. సభ్యుల ఫొటోలను అమ్ముకునే హక్కు కంపెనీకి ఉన్నట్లు రాసిన మాటను ఆ వసంతంలో పింటరెస్ట్ తన నిబంధనల నుంచి తీసేసింది. అమెరికా చట్టం ప్రకారం హక్కుదారు ఫిర్యాదు చేస్తే వేదిక ఫొటోను తొలగించాలి. ఒక ఫొటోగ్రాఫర్ వేసిన దావాలో 2022లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు సభ్యులు పెట్టిన ఫొటోలకు బాధ్యత పడకుండా ఆ చట్టం వేదికలకు కల్పించే రక్షణ పింటరెస్ట్‌కు వర్తిస్తుందని తీర్పు చెప్పింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం ఫొటోపై హక్కు తీసినవారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లపాటు ఉంటుంది. సాధారణంగా ఆ హక్కు తీసినవారిది. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారిది. కాబట్టి పెళ్లి ఫొటోలను ప్రచారానికి పెట్టుకునే స్టూడియోలు ఆ కుటుంబం అనుమతి తీసుకోవాలి. పసిపిల్లల ఫొటోల విషయంలో ఇది మరీ ముఖ్యం. నెట్‌లో దొరికిన ఇతరుల ఫొటోకు సొంత సైటు లింకు తగిలించడం చట్టానికీ, మర్యాదకూ విరుద్ధం.

పరిమితులు, విమర్శలు

వేదిక నిబంధనలు యజమాని చేతిలో ఉండవు. కమిషన్ వచ్చే అఫిలియేట్ లింకులను పింటరెస్ట్ 2015 ఫిబ్రవరిలో నిషేధించి, 2016లో మళ్లీ అనుమతించింది. యాప్‌లోనే కొనుగోలు ముగించే పిన్‌లను 2015లో తెచ్చి, 2018లో వాటి బదులు దుకాణం సైటుకే పంపే ఉత్పత్తి పిన్‌లకు మళ్లింది. 2021లో విస్తృతంగా తెచ్చిన ‘ఐడియా పిన్’లకు మొదట్లో లింకు పెట్టే వీలు లేదు. వాటినే ఎక్కువగా చూపించడంతో తమ సైట్లకు వచ్చేవారు తగ్గారని బ్లాగర్లు వాపోయారు. 2023లో అన్ని రకాలనూ ఒకే పిన్‌గా కలిపి, అన్నిటికీ లింకు అనుమతించారు.

కృత్రిమ మేధ తయారుచేసిన బొమ్మల వెల్లువ ఇప్పటి పెద్ద సమస్య. ఎవరూ వండని వంట, ఎవరూ కుట్టలేని అంచు, వాటి వెనుక ప్రకటనలతో నింపిన పేజీ చూసి సభ్యులు విసిగిపోయారు. 2025లో పింటరెస్ట్ ఇలాంటి బొమ్మలకు గుర్తు వేయడం మొదలుపెట్టి, వాటిని తక్కువగా చూపమని కోరే వీలు కూడా కల్పించింది. నిజంగా వండిన, నేసిన, చెక్కిన పనిని ఫొటో తీసి పెట్టేవారి విలువ దీనివల్ల తగ్గలేదు, పెరిగింది.

అంచనా

రాజకీయ వార్తలు, స్థానిక సేవలు, ఫొటోకు లొంగని విషయాల సైట్లకు పింటరెస్ట్ వల్ల పెద్దగా లాభం లేదు. చేతిపని, వంట, దుస్తులు, ఇల్లు, ప్రయాణం వంటి కంటితో ఎంచుకునే విషయాలకు ఇది గట్టి ఆసరా. ఫలితం వారంలో రాదు, నెలలు పడుతుంది. ఒకసారి కుదురుకున్న పిన్ మాత్రం చాలాకాలం జనాన్ని పంపుతూ ఉంటుంది. పింటరెస్ట్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా సొంత వెబ్‌సైట్‌ను పదిలంగా ఉంచుకోవాలి, సొంత ఫొటోనే పెట్టాలి, ఫొటోలో చూపించింది పేజీలో తప్పకుండా ఇవ్వాలి. ఈ మూడూ పాటించేవారికి మంచి ఫొటోలు, ఓపిక తప్ప వేరే పెట్టుబడి అక్కర్లేదు.